మా ఆయన తలకు టైటానియం రేకు: అంబత్తూరులో ఒక పగలు

మా ఆయన బండిమీంచి పడి ఏడు నెలలైంది. మెదడు వాచిందని డాక్టర్లు పుర్రె ఎముక అరచేతి మేర తీసేశారు. ఇప్పుడక్కడ చర్మం కింద ఏ అడ్డూ లేదు, ఇంట్లో కూడా హెల్మెట్‌తోనే తిరుగుతారు. ఆ ఖాళీకి సరిపడా టైటానియం రేకును చెన్నైలో వంచి ఇస్తారన్నారు. శుక్రవారం ఆపరేషన్. బుధవారం తెల్లవారుజామునే నెల్లూరులో రైలెక్కాను.

తొమ్మిదిన్నరకు సెంట్రల్‌లో దిగి, అయిదు రూపాయల లోకల్ టికెట్టుతో అరగంటలో పట్టరవాక్కం చేరాను. అక్కడినుంచి అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోని షెడ్డుకు ఆటో వంద. రేకు వంచే మెషిన్ నడిపే మణి అన్నవాళ్లది మూడు తరాలుగా మద్రాసే, తెలుగు మాత్రం వదల్లేదు. స్కాన్ చూసి చేసిన మా ఆయన పుర్రె నమూనాను నా చేతిలో పెట్టాడు. ఖాళీ ఉన్న చోట వేలు తగలకుండా పట్టుకున్నాను.

"ఒకేసారి గుద్దితే చిరిగిపోతాదిమా. గుండు మొన ఉండే కడ్డీతో గీత గీతగా నొక్కతాం. చల్లగా ఉంటే పగులుతాది, అందుకే కింద హీటరు. రేకు లేత పసుపుకొస్తే సరి, నీలం తిరిగితే పారేయాల్సిందే," అన్నాడు.

మొదటి రేకు బిగించి మెషిన్ ఆన్ చేశాడు. షెడ్డు పొయ్యిలా ఉంది. అన్న టీకి వెళ్లగానే గోడ పక్కనున్న ఫ్యాను వేసుకున్నాను. పది నిమిషాలైందో లేదో, టక్కుమని చప్పుడు. గాలి తగిలిన వైపు రేకు పొడుగునా చీలింది. అన్న పరుగెత్తుకొచ్చాడు.

"ఫ్యాను ఎవురు ఏసింది?"

"నేనే అన్నా."

"గాలికి ఒక పక్క చల్లారిపోయిందిమా. ఇంక ఒక్క రేకే ఉండాది."

తిట్టినా బాగుండేది.

ఒంటిగంటకు రెండో రేకు ఎక్కించాడు. చెమట తుడుచుకోవడానికి కూడా భయపడి బిగుసుకుపోయి నిలబడ్డాను. ఒకసారి అంచు నల్లగా కనిపించి, "అన్నా, నీలమా?" అని అరిచాను. "నీడమా," అన్నాడు. నాలుగింటికి మెషిన్ ఆగింది. ఇదీ చీలుతుందేమోనని, వెంటనే రేకు తీసేయమని బతిమాలాను. వేడిమీద బిగింపులు విప్పితే ఒంపు ఎగదన్నుతుందని ఇంకో గంట ఆపాడు. తర్వాత అంచులు కత్తిరించి నమూనామీద పెట్టాడు. గోరు దూరే సందు కూడా లేదు. ఏడ్చేశాను.

ఇది గురువారం రాస్తున్నాను. రేపటి భయం అలాగే ఉంది. ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లు ఆపరేషన్‌కు కనీసం వారం ముందే వెళ్లండి, రేకు పాడైతే ఇంకోటి తెప్పించుకునే వ్యవధి ఉంటుంది. ఏడు నెలలుగా ఆయన తలమీద ఆ చోటును నేను ఒక్కసారీ ముట్టుకోలేదు, ఏమవుతుందోనని. నిన్న సాయంత్రం ఆ షెడ్డులో నమూనాను ఒళ్లో పెట్టుకుని, రేకుమీద అరచెయ్యి ఆనించి, ఆటో వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.