సోడియం కార్బొనేట్‌కు కొసరు

నేను కెమిస్ట్రీ పరీక్ష తప్పబోయింది మొలారిటీ లెక్కలు రాక కాదు. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే ఈ వయసులో కూడా జనం నన్ను మొద్దు కింద జమకట్టేస్తారు.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. మా ఊరు మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. మా బడికి హయ్యర్ సెకండరీ క్లాసులూ, వాటితోపాటు అద్దాల పెట్టెలో ఒక త్రాసూ వచ్చాయి. ఆఖరి ఏడు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ తప్పితే చదువు చాలించి మా కిరాణా దుకాణంలో కూర్చోవాలని మా నాయన తేల్చేశాడు. నాకేమో కర్నూలు కాలేజీకి పోవాలని ప్రాణం కొట్టుకునేది.

సోడియం కార్బొనేట్ ఒక మోల్ అంటే నూటా ఆరు గ్రాములు. లీటరు ద్రావణంలో అంత ఉంటే ఒక మొలార్. అందులో పదోవంతు గాఢతతో పావు లీటరు కావాలంటే రెండు పాయింట్ ఆరు అయిదు గ్రాములు తూచాలి. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. చెప్పి ఏం లాభం? అందరి ద్రావణమూ ఇరవై మిల్లీలీటర్ల ఆమ్లం పడగానే రంగు మారేది. నాది ఇరవైరెండు పడితే గాని మారేది కాదు. మా కెమిస్ట్రీ సారు బ్యూరెట్ మార్చారు, నీళ్లు మార్చారు, చివరికి నా కళ్లనే అనుమానించారు. పరీక్ష వారం ఉందనగా నా వెనకే నిలబడి చూశారు.

తూచాను. ముల్లు నడిమికి వచ్చి నిలిచింది. అప్పుడు నా చెయ్యి, నన్నడక్కుండానే, ఇంకో చిటికెడు పొడి తీసి పళ్లెంలో వేసింది.

"అదేమిట్రా?" అన్నారు సారు.

"కొసరు సార్," అన్నాను.

మా దుకాణంలో బెల్లమైనా చింతపండైనా తూకం సరిపోయాక పైన కాస్త ఊరికే వెయ్యకుండా ఇవ్వడం నేనెరగను. పెద్దారవీడు నుంచి వచ్చే పెద్దమ్మలు అది పడేదాకా సంచి మూతి కట్టేవాళ్లు కాదు. ఏడేళ్లప్పటి నుంచి అట్లా తూచిన చెయ్యి, దానికి మొలారిటీ ఏం తెలుసు! సారు స్టూలు మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆ వారమంతా ముల్లు నిలవగానే కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకోవడం సాధన చేశాను. పరీక్షలోనూ అదే చేశాను. పరీక్ష పెట్టడానికి వచ్చినాయన, నా చెయ్యి బెణికిందేమోనని జాలిపడ్డాడు. రంగు సరిగ్గా ఇరవై దగ్గర మారింది.

పాసయిన రోజు దుకాణానికి పోయి, నవ్వుతాడనుకొని, ఇదంతా నాయనకు చెప్పాను. ఆయన నవ్వలేదు. కందిపప్పు తూస్తున్నవాడల్లా ఆగి నా వంక చూశాడు.

"కొసరెయ్యడం మాన్పిచ్చి, దానికి మార్కులేసినారా?"

అవునన్నాను. ఆయన కొనేవాళ్ల సంచిలో పప్పు పోసి, పైన ఇంకో పిడికెడు వేసి పంపించాడు. తర్వాత త్రాసును నాకు అందకుండా పక్కకు జరిపాడు.

"అట్లయితే నువ్వు కర్నూలుకే పో. ఇంక ఈడ త్రాసు ముట్టొద్దు."

కోరుకున్నదే దొరికింది, ఎగిరి గంతెయ్యాల్సింది. దుకాణం మెట్లు దిగి ఏడ్చాను.