కరుణమ్మ టీచర్ చెప్పిన సాక్ష్యం

ఏన్కూరు దాటాక కల్లాల్లో ఆరబోసిన మిరప ఘాటు ముక్కుకు తగిలినప్పుడల్లా నాకు కరుణమ్మ టీచర్ గుర్తొస్తారు. మిర్చి ఎండే ఆ రోజుల్లోనే మా సంఘంలో ఈస్టర్ ముందటి నలభై రోజుల ఉపవాసాలు. ఆవిడ నాకు నాలుగో తరగతి చెప్పారు. ముప్ఫై ఏళ్ల తర్వాత, ఆవిడకున్న జబ్బే నాకూ ఉందని తేలింది. తెల్ల కణాలు అదుపు తప్పి పెరిగే, నిదానంగా నడిచే రక్త క్యాన్సర్. ఒకప్పుడు ఇది వస్తే కొద్ది ఏళ్లే అనేవారు. రోజూ వేసుకునే మాత్ర వచ్చాక ఆ మాట మారింది. డాక్టరు చెబితే నేను నమ్మలేదు. టీచర్‌ను చూసి నమ్మాను.

జబ్బు తెలిసిన వారానికి ఆవిడ మా ఇంటికొచ్చారు. మంచం మీద ముడుచుకున్న నన్ను చూసి, "ఏందిరా, ఫొటోకు దండ గూడ తెచ్చుకున్నవా?" అన్నారు. "నాకు పదకొండేండ్లాయె. తినుడు, గోలీ మింగుడు, గంతే. నీకేం రోగం?"

"అదే రోగం టీచర్," అన్నాను. చాలా రోజుల తర్వాత మా ఇంట్లో నవ్వు వినబడింది.

ఏడాదికి నా రక్తపరీక్షలు బాగుపడ్డాయి. ఆ ఏటి ఉపవాసాల్లో మాత్ర మానేశాను. ఉపవాసంలో మందు ముడితే విశ్వాసం తక్కువైనట్టని మాలో కొందరంటారు. బాగయ్యాను కదా అని నేనూ అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ వారమే ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేలును లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, టీచర్ లేచారు. స్వస్థత గురించి చెబుతారని అందరూ స్తోత్రానికి సిద్ధమయ్యారు.

"నేను తప్పు చేసిన," అన్నారావిడ. "ఐదేండ్ల కింద ఉపాసమని నలభై దినాలు గోలీ మింగలే. తెల్లకణాలు మల్ల పెరిగినయ్. దిగనీకి ఏడాది పట్టింది. గోలీ బంద్ జెయ్యమని దేవుడు చెప్పలే. నేనే చెప్పుకున్న."

సంఘంలో సగం మంది ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లే. బోర్డు మీద లెక్క తప్పు వేసినా మా ముందు ఒప్పుకోని మనిషి ఆవిడ.

బయట చెప్పుల దగ్గర నన్ను ఆపారు.

"ఎన్ని దినాలాయె?"

"ఆరు."

"ఇంటికి పో. తిను. మింగు. దేవునికి నేను జెప్త."

నిరుడు, డెబ్బై తొమ్మిదో ఏట, టీచర్ గుండె ఆగి చనిపోయారు. చివరి రక్తపరీక్ష కూడా బాగానే ఉంది. సమాధి దగ్గర నాకు ఏడుపుతో పాటు గర్వం కలిగింది. ఆ జబ్బు ఆవిడను తీసుకుపోలేకపోయింది.

ఖమ్మంలో దవాఖానా వరుసలో కూర్చున్నప్పుడు, కొత్తగా జబ్బు తెలిసినవాళ్లు అడుగుతారు, "ఎన్నేండ్లు బతుకుతమన్నా?" అని. వాళ్లకు టీచర్ వయసు చెబుతాను. దానికి ముందు, వరుసలో అందరికీ వినబడేలా, నేను మాత్ర మానేసిన ఆరు రోజుల సంగతి చెబుతాను.