గిడియన్ అల్లుకున్న నీలిచొక్కా

గిడియన్ స్కౌలర్ స్కాట్లండ్ తరఫున ఏడు రగ్బీ ఆటలు ఆడాడు. వారమంతా హాయిక్ ఊరి మిల్లులో యంత్రం మీద గొప్పింటివాళ్లకు ఉన్ని లోదుస్తులు అల్లడం, శనివారం బురదలో దొర్లడం. ఆ ఏడింటిలో ఆరు దక్కకుండా పోయేవే, వాళ్లమ్మ పుణ్యమా అని.

వేల్స్‌తో మొదటి ఆట ఆడి, జట్టు నీలి ఉన్నిచొక్కాను బురదతోనే పెట్టెలో దాచాడు. రగ్బీ సంఘం ఆటగాడికి ఏడాదికి ఒక్కటే ఇచ్చేది. అది లేకుండా వచ్చినవాడికి జట్టులో చోటు లేదు. ఇంగ్లండుతో ఆటకు అయిదురోజులుందనగా, ఉతుకుల సోమవారం నాడు, వాళ్లమ్మ ఎఫీ కంట అది పడింది. మరుగునీళ్లలో వేసి కర్రతో కుమ్మేసింది. ఉన్నిని నమ్ముకుని బతికే ఊళ్లో పుట్టి చేసిన పని అది! వేడికి ఉన్ని ముడుచుకుపోయి, దండెం మీద చొక్కా అయిదేళ్ల పిల్లాడి కొలతకొచ్చింది.

"ఏం చేశావే అమ్మా!"

"మురికి వదిలింది కదరా."

"దాంతోపాటు నా ఆటా వదిలింది! ఇంకోటి అడిగితే, ఉన్నది అమ్ముకున్నావంటారు."

ఎఫీ గొంతు తగ్గింది గానీ నోరు తగ్గలేదు. "దొరల ఒంటికి చలెయ్యకుండా అల్లే చేతులు. నీ ఒంటికి ఒక్కటి అల్లుకోలేవూ?"

మర్నాడు గిడియన్ మిల్లు మేస్త్రి పర్డమ్ ముందు నిలబడ్డాడు. "మూడ్రోజులు, భోజనాలవేళ యంత్రం కావాలి మేస్త్రీ. దారం నేనే తెచ్చుకుంటా."

"అల్లిక వదులైతే పోయేది మిల్లు పరువు. నేను పక్కనే కూర్చుంటా."

కూర్చున్నాడు, రొట్టె నములుతూ. "విప్పెయ్. మళ్లీ అల్లు," అని రెండుసార్లు విప్పించాడు. గిడియన్ మూడు మధ్యాహ్నాలూ పస్తే. పాత చొక్కా మీది ముళ్లపువ్వును, స్కాట్లండ్ గుర్తును, ఎఫీ కత్తిరించి, ఇస్త్రీతో సాగదీసి, కొత్తదాని గుండె మీద కుట్టింది.

శనివారం ఎడింబరోలో ఆటగాళ్ల గదిలోకి సంఘం పెద్ద వచ్చి ఒక్కొక్కరినీ చూస్తూ, గిడియన్ దగ్గర ఆగి కాలరు పట్టుకున్నాడు.

"ఇది మేమిచ్చింది కాదే?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "కాదండీ. మీరిచ్చింది మా అమ్మ ఉడకబెట్టింది. ఇది నేను అల్లుకున్నా."

గదిలో నవ్వులు. పెద్దాయన అల్లిక లాగి చూశాడు.

"పువ్వు మాదేనా?"

"మీదేనండీ."

"అయితే పోయి ఆడు."

ఇంగ్లండువాళ్లు ఇద్దరు ఆ చొక్కా పట్టుకు వేలాడారు. అది సాగిందే కానీ చిరగలేదు. గిడియన్ వాళ్లనీ ఈడ్చుకుంటూ గీత దాటి బంతిని నేలకు ఆనించి జట్టుకు పాయింట్లు తెచ్చాడు. మోకాలు మొరాయించేదాకా ఆ తర్వాత అయిదు ఆటలకూ అతనికి పిలుపు తప్పలేదు.