పూల్‌లో మట్టి పోసిన ఏడాది

మొన్న మా అమ్మాయిని ఈత క్లాసులో దింపడానికి వెళ్ళి తలుపు తీయగానే క్లోరిన్ వాసన గుప్పుమంది. వెంటనే మిస్ డొరోతియా గుర్తొచ్చారు, ఆవిడతో పాటు 2009 నాటి కోపమూ తిరిగొచ్చింది. అప్పుడు మేం అలబామాలో ఉండేవాళ్ళం. ఆ ఊరి చరిత్ర అంటూ సిటీ వాళ్ళు పెట్టిన వెబ్‌సైట్‌లో ఆ ఏడాదికి కొత్త షాపింగ్ సెంటర్ ఫోటో ఒకటే ఉంది. రైలు పట్టాలకవతల, నల్లవాళ్ళ పేటలో పూల్ మూసేశారన్న మాటే లేదు.

ఆ పూల్‌లో ఆవిడ ఈత టీచర్. తల నెరిసిన నల్లజాతి మనిషి, కంచు గొంతు. డిపెండెంట్ వీసా మీద వచ్చి ఇంట్లో కూర్చున్న మా తెలుగువాళ్ళ కోసం మంగళవారం పొద్దున ఆడవాళ్ళకే ఒక గంట కేటాయించారు. స్విమ్‌సూట్ చచ్చినా వేసుకోం అంటే చుడీదార్ పైజమాలతోనే దిగనిచ్చారు. మొదటి రోజు, క్లోరిన్‌కి జుట్టు పాడవుతుందని అందరం తలకు దిట్టంగా కొబ్బరినూనె పట్టించి వెళ్ళాం. కాసేపటికే నూనె నీళ్ళ మీద తేలింది. ఆవిడ తిట్టలేదు. షవర్ చూపించి, టోపీలు పంచి, "ఈదడానికి వచ్చారా, నన్ను వేయించడానికి వచ్చారా?" అని నవ్వారు. ఆ ఎండాకాలంలోనే నాకు లోతంటే భయం పోయింది.

ఎండలు తగ్గకముందే సిటీ ఆ పూల్ మూసేస్తామంది. రిపేర్లకు డబ్బు లేదట. ఊరికి అటువైపు గోల్ఫ్ కోర్సులో మాత్రం అప్పుడే కొత్త పచ్చిక పరుస్తున్నారు. దాని మీద సిటీ కౌన్సిల్ మీటింగ్‌కి రమ్మని ఆవిడ అడిగితే, మాలో పెద్దదైన సుజాతక్క నన్ను ఆపబోయింది.

"మనం వీసా మీద ఉన్నాం. సిటీ వాళ్ళతో గొడవైతే మీ ఆయన జాబ్‌కి ఏమన్నా అవుతుందేమో. మా అపార్ట్‌మెంట్‌లో పూల్ ఉంది కదే, మనకెందుకు?"

నేనొక్కదాన్నే వెళ్ళాను. రెండు ముక్కలు మాట్లాడాను. తర్వాత మిస్ డొరోతియా మైకు దగ్గరికి వెళ్ళారు.

"నా చిన్నప్పుడు, తెల్ల పిల్లలు మాతో కలిసి ఈదాల్సొస్తుందని ఊరి పెద్ద పూల్‌లో మట్టి పోశారు. అప్పుడు కారణం దాచలేదు. ఇప్పుడు బడ్జెట్ అంటున్నారు."

కౌన్సిల్ అధ్యక్షుడు ఆవిడకు థాంక్యూ చెప్పి, ఓటింగ్ ముగించి, పార్కింగ్ సంగతి ఎత్తుకున్నాడు. అంత మర్యాదగా అవమానించడం నేను మరెక్కడా చూడలేదు. వారం తిరక్కుండా లారీలు మట్టి తెచ్చి పోశాయి.

క్లాసు ఆగకూడదని సుజాతక్క వాళ్ళ అపార్ట్‌మెంట్ పూల్‌కి ఆవిడను పిలిచాం. గేటు దగ్గర మేనేజరు మమ్మల్నందరినీ పోనిచ్చి ఆవిడనొక్కరినే ఆపాడు. ఇక్కడ ఉంటారా అని అడిగాడు. మాలో సగం మంది అక్కడ ఉండేవాళ్ళం కాదు. మమ్మల్ని ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మాత్రం తువ్వాలు సర్దుకుని, తనకిది అలవాటేనని, మమ్మల్ని వెళ్ళి ఈదుకోమని అన్నారు. ఆ అలవాటన్న మాట నేను భరించలేకపోయాను. బయటికొచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాను. అప్పటికే నీళ్ళలో దిగిన సుజాతక్క తడి బట్టలతోనే వచ్చి నా పక్కన చేరింది.

"మమ్మల్ని కూడా అడగండి," అంది ఇంగ్లీషులో.

అతను మమ్మల్ని అడగలేదు. ఆవిడకు గేటూ తెరవలేదు. ఆ రోజు క్లాసు జరగలేదు.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఎయిర్‌పోర్టులోనో షాపులోనో అంతమందిలో ఒక్కరినే పక్కకు పిలిస్తే నేనూ ఆగిపోతాను. "అమ్మా, లెట్స్ గో, అది మన లైన్ కాదు," అని మా అమ్మాయి చెయ్యి లాగుతుంది. వాళ్ళు ఆ మనిషిని వదిలేదాకా నేను కదలను.