పులికాట్‌లో గాలి మళ్ళిన రోజు

మా అమ్మ పోయిన తర్వాత నాయన మాట్లాడటం దాదాపు మానేశాడు. ధర్మవరంలో మా ఇంటి మగ్గం కూడా ఆ రోజుల్లోనే ఆగిపోయింది. యుద్ధం మొదలయ్యాక పట్టు నూలు దొరకడం గగనమైంది. పనీ లేక, మాటా లేక గోడకు ఆనుకుని కూర్చున్న మనిషిని చూసి మా అన్నకు భయం వేసింది. రైలెక్కించి నా దగ్గరికి పంపాడు.

అప్పుడు నేను పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పల్లెలో కాపురం ఉంటున్నాను. నా భర్తది పెనుకొండ. ఆయనకు అక్కడి ఉప్పు మళ్ళ దగ్గర గుమాస్తా ఉద్యోగం దొరికింది. ఆశ్వయుజంలో వానలు పడితే ఉప్పు పని ఉండదు కనుక, ఆఫీసు పని మీద నెల్లూరు వెళ్ళి ఉన్నారు. ఇంట్లో నేనొక్కదాన్నే.

నాయన సముద్రం చూడటం అదే మొదలు. నేను దగ్గరుండి తీసుకుపోయి చూపిస్తే చాలాసేపు నిలబడి, "ఇన్ని నీళ్ళుండాయి, తాగేదానికి మాత్రం చుక్క లేదే ఈడ" అన్నాడు. అంతే. మళ్ళీ రెండు రోజులు నోరు విప్పలేదు.

మా పక్కింట్లో పిల్లల్లేని భార్యాభర్తలు ఉండేవారు. ఆయన ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటుంటే నాయన పోయి పక్కన చేరేవాడు. ఒకనాడు ఎవరూ అడగకుండానే వల రెండో కొస అందుకుని తెగిన చోట్ల ముడులు వేయడం మొదలుపెట్టాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. అయినా పొద్దున్నే లేచి ఒకరి కోసం ఒకరు చూసుకునేవారు.

అది పల్లెకు కలిసొచ్చే కాలం. ఎండాకాలమంతా ఇసుకతో పూడుకుపోయి ఉండే ముఖద్వారం, ఏరుల నీళ్ళు వచ్చి సరస్సు నిండగానే తెగుతుంది. సరస్సుకూ సముద్రానికీ దారి పడుతుంది. సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ నీళ్ళు బయటికి లాగుతుంటే వాటితో పాటు రొయ్యలు కదులుతాయి, రొయ్యల వెంట చేపలు. సముద్రం వైపు అలలు మనిషెత్తున విరుగుతుంటాయి కాబట్టి అటు ఎవరూ పోరు. ముఖద్వారానికి లోపలి వైపు పడవలు ఆపుకుని వలలు వేస్తారు. అయితే దక్షిణపు గాలి తగ్గి ఉత్తరపు గాలి ఇంకా కుదురుకోని రోజులవి. ఏ పూట ఎటు మళ్ళుతుందో తెలియదు.

ఒక పొద్దున నాయన పంచె ఎగ్గట్టుకుని బయల్దేరాడు.

"యాడికి నాయనా?"

"పక్కింటి ఆయప్ప పడవలో పోతాండా. రమ్మన్నాడు."

"నీకు ఈత రాదు కదా!"

"ఈదేదానికి కాదులే అమ్మీ, కూచోని చూసేదానికి."

ఆయన నోట అన్ని మాటలు ఒక్కసారిగా విని ఎన్నాళ్ళయిందో! వద్దనడానికి మనసు రాలేదు.

మధ్యాహ్నం బియ్యం కడుగుతుండగా ఇంటి తలుపు దానంతట అదే కొట్టుకుంది. బయటికొచ్చి చూస్తే ఉత్తరాన ఆకాశం సీసం రంగులో ఉంది. గాలి మళ్ళింది. ఆడవాళ్ళందరూ ఒడ్డుకు చేరారు. ఒక్కొక్క పడవే వచ్చి ఆగుతోంది. మా వాళ్ళది లేదు.

చివరగా వచ్చిన పడవాయన మా వైపు సరిగా చూడకుండానే చెప్పాడు. "వాళ్ళు వల తీసుకుంటా వెనకబడిపోయారు. పాటు గట్టిగా లాగతా ఉంది. మేము తెడ్లేసి ఎట్టనో వచ్చేశాం."

పక్కింటి అక్క నా చెయ్యి పట్టుకుంది. "పాటు తిరిగిందాకా ఎక్కడో ఒకచోట నిలదొక్కుకోవాలి, అంతే. పోటు మొదలైతే ఆ నీళ్ళే లోపలికి తోస్తాయి" అంది. ధైర్యం చెబుతున్నదేగానీ ఆమె అరచెయ్యి చల్లగా ఉంది. వాన మొదలైనా ఇద్దరం కదల్లేదు. అన్నకు ఏమని చెప్పాలి అన్న ఆలోచన ఒక్కటే నా తలలో తిరుగుతోంది.

సాయంత్రం కావస్తుండగా అక్క నీళ్ళ అంచు చూపించి, "ఎక్కతన్నాయి" అంది. పోటు మొదలైంది. ఆ తర్వాత కాసేపటికి వాన తెరలోంచి ఒక గడ కర్ర పైకీ కిందికీ కదలడం కనిపించింది. దాని కింద పడవ. పడవలో ఇద్దరు. నాయన తలగుడ్డ లేదు, ఒళ్ళంతా ఇసుక. నేను మోకాలి లోతు నీళ్ళలోకి పరుగెత్తాను.

ఆయన దిగుతూనే మొదలుపెట్టాడు. "పడవ సముద్రం దిక్కు పోతాండాదమ్మీ! ఆయప్ప ఇసుక దిబ్బ మీదికి ఎక్కించినాడు. దిగి తాడు పట్టుకో పెద్దాయనా అన్న్యాడు. పట్టుకున్నా. కాళ్ళ కింద ఇసుక కోసకపోతాండాది, నేను యాడ వదుల్తా? వదిలితే ఇద్దరం పోతాం కదా!"

ఇంటికి వెళ్ళేదాకా చెబుతూనే ఉన్నాడు. పొడి పంచె కట్టుకుంటూ చెప్పాడు, వేడి అన్నం తింటూ చెప్పాడు. తాడు ఒరుసుకుని అరచేతులు ఎర్రగా పొక్కి ఉన్నాయి. కొబ్బరినూనె రాస్తుంటే, "మీ అమ్మకు చెప్తే నమ్మదు" అన్నాడు. అమ్మ పోయాక ఆమె ఊసు ఆయన ఎత్తడం అదే మొదటిసారి. నేను రెండో చేతికి నూనె రాశాను. ఆయన మళ్ళీ అలల సంగతి అందుకున్నాడు.

పగలంతా నిబ్బరంగా నిలబడ్డ పక్కింటి అక్క అప్పుడే భర్తను తిట్టడం మొదలుపెట్టింది. గోడ అవతలి నుంచి ప్రతి మాటా వినిపిస్తోంది. నాయన చెవి ఒగ్గి విని, "పాపం, ఆయప్పకు ఇప్పుడు పట్టుకునేదానికి తాడు గూడా లేదు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. ఆయన నూనె చేతులు నా తలమీద పెట్టి, "వచ్చేసినా కదమ్మీ, ఇంగెందుకు" అన్నాడు.