సుమలత లెక్కలో కొమురమ్మ

అమీర్‌పేటలో సుమలత ఇంటి గేటు మీద "డాక్టర్" అన్న బోర్డు చూసి మొదట్లో చాలామంది జ్వరాలూ దగ్గులూ వెంటబెట్టుకొని వచ్చేవాళ్లు. తాను మందులిచ్చే డాక్టరును కాననీ, కార్మికుల బతుకుల మీద పరిశోధన చేసే ఆర్థికశాస్త్రపు డాక్టరుననీ ఆమె ఓపిగ్గా చెప్పేది. వాళ్లు అంతా విని, తలూపి, "మరి దగ్గుకు ఏం రాస్తరు మేడం?" అనేవాళ్లు. చివరికి వీధంతా కలిసి ఆమెకు కూలీల డాక్టరమ్మ అని పేరు పెట్టేసింది. సుమలతకు ఆ పేరు నచ్చింది. నయం చేయడం మాత్రం తన పని కాదని గట్టిగా నమ్మేది. చూడాలి, అడగాలి, రాసుకోవాలి. అంతవరకే.

సిరిసిల్లలో మగ్గం మూలపడ్డాక ఆమె తండ్రి మార్కండేయులు పట్నం వచ్చి ఇప్పటి మైత్రీవనం వెనక సందులో టైలరు దుకాణం పెట్టాడు. ఇప్పుడక్కడ తలెత్తితే కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలే గానీ, అప్పట్లో ఆ సందులో కుట్టుమిషన్ల చప్పుడే ఎక్కువ. దుకాణం గుమ్మం దగ్గర చాప మీద కూర్చొని కొమురమ్మ చొక్కాలకు చేత్తో కాజాలు కుట్టేది, గుండీలు వేసేది, చీరలకు ఫాల్స్ పట్టేది. తల్లి లేని సుమలత బడి నుంచి వచ్చి ఆమె పక్కనే చతికిలబడి ఎక్కాలు అప్పజెప్పేది. జడ వేసింది కొమురమ్మే. పరీక్ష రోజున ఊడిన హుక్కు పరుగున వచ్చి కుట్టిందీ కొమురమ్మే. చుట్టరికం ఏమీ లేదు. చిన్నమ్మా అని పిలుస్తూ పిలుస్తూ చుట్టరికం అయింది.

చదువు ముగిశాక సుమలతకు పంజాగుట్టలో ఒక పరిశోధన సంస్థలో ఉద్యోగం వచ్చింది. ఏ విషయం తీసుకుంటావని అడిగితే తడుముకోకుండా చెప్పింది, ఇంట్లో కూర్చొని సూదిపని చేసే ఆడవాళ్ల గురించి అని. రెడీమేడ్ బట్టలు వచ్చాయి, కాజాలు కుట్టే మిషన్లు వచ్చాయి, చేతిపనికి కూలి పెరగడం ఆగిపోయింది. పక్కనే బంజారా హిల్స్ ఆస్పత్రుల్లో, అమీర్‌పేట హాస్టళ్లలో ఇంతకంటే మంచి పని దొరుకుతుంది. అయినా కొందరు ఆ సూదిని ఎందుకు వదలరు? ఆమె ఉద్యోగ జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

బోరబండలో అలాంటి ఇళ్లన్నిటికీ చీటీలు వేసి కొన్నింటిని ఎంచుకుంది. మూడేళ్లకోసారి అవే ఇళ్లకు వెళ్లి అవే ప్రశ్నలు అడగాలి. మధ్యలో వెళ్లకూడదు, సాయం చేయకూడదు, ఎక్కడా సిఫారసు చేయకూడదు. మనం వేలు పెడితే వాళ్ల బతుకు మారుతుంది, అప్పుడు లెక్క అబద్ధమవుతుంది. సూదిపని మానేసిన ఇంటి లెక్క అక్కడితో ముగిసినట్టే, ఇక ఆ గడప తొక్కే పని లేదు.

ఆ చీటీల్లో కొమురమ్మ పేరు వచ్చింది.

"ఆ ఒక్క చీటీ తీసేసి ఇంకోటి వెయ్యండి మేడం, ఎవరడుగుతారు?" అన్నాడు ఆఫీసులో కృష్ణమోహన్. సుమలత ఒప్పుకోలేదు. సొంత మనిషని తీసేస్తే అదీ అబద్ధమే అంది. మొండితనం ఆమెకు తండ్రి నుంచి వచ్చిన ఆస్తి. ఆ రోజు నుంచి కొమురమ్మ ఇంటికి ఊరికే వెళ్లడం మానేసింది. కొడుకు రాజేందర్ పెళ్లికి కొమురమ్మ స్వయంగా వచ్చి బొట్టుపెట్టి పిలిచినా వెళ్లలేదు. బాధ కలగలేదా అంటే, కలిగింది. నిజాయితీగా పనిచేసేవాళ్లకు ఈ మాత్రం తప్పదని తనకు తానే సర్దిచెప్పుకుంది.

మూడేళ్లకోసారి మాత్రం కొమురమ్మ ఇంట్లో చాయ్ తాగి, ప్రశ్నలన్నీ అడిగి, చివరికి ఆ అసలు ప్రశ్న అడిగేది. వేరే పని ఎందుకు చూసుకోలేదు? ప్రతిసారీ కొమురమ్మది ఒకటే జవాబు. "ఇదే మంచిగున్నది బిడ్డ." సుమలత దాన్ని చేతిపని మీద మమకారం అని రాసింది. ఆ మాటకే ఆమెకు పేరొచ్చింది. ఢిల్లీలో పిలిచి మాట్లాడించారు, శాలువా కప్పారు. డబ్బు ఒక్కటే మనిషిని పనికి కట్టిపడేయదని ఆమె చెబుతుంటే జనం శ్రద్ధగా విన్నారు.

ఈ ఏడు ఆమెకు రిటైర్మెంట్. ఆఖరిసారి లెక్క పూర్తిచేయడానికి తానే బోరబండ వెళ్లింది. కొమురమ్మ మంచం మీద కూర్చొని వాకిలి వైపే చూస్తోంది.

"ఎవరు?" అంది, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూస్తూనే.

సుమలత మంచం దగ్గరికి వచ్చింది. "నేను చిన్నమ్మా, సుమను."

"వచ్చినవా బిడ్డ? లెక్క టైమయ్యిందన్నట్టు. కూసో."

ఏమైందని అడిగితే కండ్లు జర మసకేసినయి అంది, తలనొప్పి సంగతి చెప్పినంత తేలిగ్గా. ఫికర్ చెయ్యకు, ముందు నీ లెక్క అడుగు అని తొందరపెట్టింది. సుమలత ఒక్కొక్కటే అడిగి, చివరి ప్రశ్న దగ్గరికి వచ్చింది.

"ఇదే మంచిగున్నది బిడ్డ," అంది కొమురమ్మ.

గుమ్మంలో నిలబడి వింటున్న రాజేందర్ ఇక ఆగలేకపోయాడు. "ఇంకా గదే చెప్తున్నవా అమ్మా? మేడం, మీకు తెల్వది. దవాఖానల దుప్పట్లు మడతపెట్టే నౌకరి నేనే మాట్లాడి పెట్టిన. ఈఎస్ఐ సుత ఉండె, కండ్లు పైసల్లేకుండనే చూస్తుండిరి. పోనంటే పోనన్నది. కంట్ల నీటికాసుల జబ్బంట, ముందుగాల పట్టుకుంటే చూపు నిలుస్తుండె అన్నడు డాక్టర్."

"ఎందుకు పోలే చిన్నమ్మా?" ఈసారి సుమలత రాసుకోవడానికి అడగలేదు.

కొమురమ్మ మెల్లగా అంది. "నువ్వే అంటివి గద బిడ్డ. అప్పుడొకసారి గీడనే కూసోని ఏడ్సినవ్. ఒక్కొక్కరే పని ఇడిసి పోతుండ్రు చిన్నమ్మా, ఇంకొందరు పోతే నా చదువంత ఆగమైతది అని. నేను సుత పోతే ఎట్లనే? గంతేగాదు. నీ లెక్కలున్న సీతాబాయి సూది ఇడిసి హాస్టల్ల వంటకు పోయినంక నువ్వు ఆమె ఇంటి దిక్కు పోలే. నేను పని ఇడిస్తే నా ఇంటికి సుత రావు గద."

సుమలతకు ఆ ఏడుపు గుర్తొచ్చింది. అలసిపోయి, అమ్మ దగ్గర చెప్పుకున్నట్టు చెప్పుకున్న మాట. చెప్పి, చాయ్ తాగి, లేచి వచ్చేసి మరిచిపోయింది. తాను వేలు పెట్టనే లేదనుకున్న బతుకు ఇది. మమకారం అని రాసింది నిజమే, అది సూది మీద కాదు. సుమలత కాగితాలు సంచిలో పెట్టేసి, మంచం మీదికి జరిగి, కొమురమ్మ పక్కన చిన్నప్పటిలా కూర్చుంది.

"నా లెక్క మంచిగనే వచ్చిందా?" అంది కొమురమ్మ.

"వచ్చింది చిన్నమ్మా."

"ఇగ మల్ల మూడేండ్లకేనా? అప్పటిదాంక ఉంటనో లేదో."

"లేదు. లెక్క అయిపోయింది. రేపొస్త."

"రేపా? రేపేం అడుగుతవ్?"

"ఏమడగ. ఊకెనే వస్త."

కొమురమ్మ చేత్తో తడుముతూ సుమలత జడ దొరికించుకుంది. తల తిప్పి ఆమె వైపే చూసింది, చూపు కాస్త పక్కకు పోయింది.

"ఊకెనే సుత రావచ్చునా బిడ్డ?"