పడమటి గోడకు స్పానిష్ మాట

కాగితం మిల్లులో ఆమెను అందరూ డిక్షనరీ అక్క అంటారు. పద్దెనిమిదేళ్లుగా ఇంగ్లీషు కాగితాలను స్పానిష్‌లోకి మారుస్తోంది. విదేశంలో ఉండే యజమానులకు ఆ భాష తప్ప మరొకటి రాదు. వాళ్లు మిల్లును ఎన్నడూ చూడలేదు. ఆమె మాటల్లోనే చూశారు.

ఆమెకొక పద్ధతి ఉంది. వస్తువును చేత్తో తాకనిదే దాని పేరు రాయదు. మర అయితే మర దగ్గరికి వెళ్తుంది. గుజ్జు అయితే వేళ్ల మధ్య నలిపి చూస్తుంది.

సోమవారం తనిఖీ అధికారి నివేదిక వచ్చింది. పడమటి నీళ్ల తొట్టి గోడ గురించి ఒకే వాక్యం. అందులో ‘కన్సర్న్’ అన్న మాట. తాకడానికి ఏమీ లేని మాట. ‘ఇంక్యెతూద్’ అని రాయొచ్చు, అది మనసులో కాస్త కలత. ‘ప్రెయోకుపాసియోన్’ అంటే ఆందోళన. ‘అలార్మా’ అంటే ఇక పరుగెత్తమనడమే.

ఆ గోడ కింది షెడ్డులో ఆమె భర్త కాగితం కట్టలు కడతాడు.

ఆమె వెళ్లి గోడ పగులులో వేలు పెట్టింది. రెండో కణుపు దాకా పోయింది.

“ఒక్క మాటకి రెండ్రోజులా అమ్మా?” అన్నాడు మేనేజరు. “చిన్నది వేసెయ్. చీమ కుట్టిందని ఊరంతా లేపుతామా?”

“చీమ కాదు సార్. పగుల్లో నా వేలు పట్టింది.”

“ఆయన రాసింది కన్సర్నే కదా. నువ్వెందుకు పెంచడం?”

ఆమె తనిఖీ అధికారికి ఫోన్ చేసింది. “నేను రాసిందే రాయండమ్మా. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు,” అన్నాడాయన.

సాయంత్రం భర్త నవ్వాడు. “గోడ పడ్డాక నేనే వచ్చి చెప్తాలే, ఏ మాట రాయాలో.”

“నీ నోట్లో మన్ను పడ! రేపు సెలవు పెట్టు.”

“ఏమని పెట్టను? మా ఆవిడకి మాట దొరకలేదనా?”

ఆమె ‘ప్రెయోకుపాసియోన్’ అని రాసింది. ఎక్కువ కాదు, తక్కువ కాదు. పద్దెనిమిదేళ్లలో ఏ మాటకూ అంత సరైన జోడీ కుదరలేదు.

శుక్రవారం యజమానుల జవాబు వచ్చింది. మీ ఆందోళనను గౌరవిస్తున్నాం, వచ్చే త్రైమాసిక సమావేశంలో చర్చిస్తాం.

“చూశావా, ఎంత మర్యాదగా రాశారో!” అన్నాడు మేనేజరు.

ఆమె కాగితం బల్ల మీద పెట్టి షెడ్డుకు నడిచింది. గోడ మొదట్లో నేల నల్లగా తడిసి ఉంది.

“ఇక్కడ నీళ్లెవరు చల్లారు?”

భర్త పురికొస పళ్లతో పట్టుకునే తల తిప్పాడు. “ఎవరూ చల్లలేదే,” అని ఇంకో కట్ట అందుకున్నాడు.